లెక్క అడగడానికి మొహమాటమెందుకు?

జవాబు ఒప్పయినా స్టెప్పులు లేకపోతే మన లెక్కల మాస్టార్లు మార్కులు వేసేవారు కాదు. ప్రజాధనానికీ అదే నియమం ఉండాలి.

ఊళ్లో వేసిన సిమెంటు రోడ్డు పొడవు, వెడల్పు, మందం ఎం.బుక్కులో రాస్తారు. బిల్లు వచ్చేది ఆ కొలతల మీదే. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ఆ పుస్తకం చూడమని అడగవచ్చు. పనిని తనిఖీ చేసి, వాడిన సామగ్రి నమూనా కూడా తీసుకోవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

మన బడిలో చదివినవాళ్లే నేడు సర్పంచులు, కాంట్రాక్టర్లు, అధికారులు. "మనవాడే కదా" అని ఊరుకుంటాం. మనవాడు కాబట్టే అడగాలి. నిజాయితీగా పనిచేసినవాడికి ఆ కొలతలే రక్ష.

ఈసారి గ్రామసభకు వెళ్లండి. ఒక్క రోడ్డు లెక్క అడగండి. కొలిచే టేపు నేను తెస్తాను.