సర్వీసు తెగనీయకండి
(ఉపన్యాస పాఠం)



నేను వక్తను కాను. ముప్పై మూడేళ్ళు ఫైళ్ళ మధ్య బ్రతికిన గుమాస్తాను. కరువుభత్యం సంగతి మాట్లాడక ప్రావిడెంట్ ఫండు గొడవ మనకెందుకని మీకు తోచవచ్చు. మన పెన్షన్ మనకు వస్తోంది. నా దిగులు పిల్లల గురించి.

మనకు యజమాని ఒకరే, సర్వీసు రిజిస్టరూ ఒకటే. ఎక్కడికి బదిలీ అయినా అది మన వెంట వచ్చేది. మన పిల్లలు అలా కాదు. హిందూపురం దగ్గర తూముకుంటలో కొన్నాళ్ళు, 2019లో ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ నడక మొదలైనాక పెనుకొండ వైపు కొన్నాళ్ళు, మధ్యలో ధర్మవరం పట్టుచీరల బేరం. వారి సర్వీసు రిజిస్టరు ఎవరు రాస్తారు? వారే రాసుకోవాలి.

నా ఇంటి సంగతే చెబుతాను. మా రెండవవాడు 2015లో హిందూపురంలో ఒక కంపెనీలో చేరి, ఆరేళ్ళు చేసి 2021లో మానుకున్నాడు. "నాయనా, పాపకు ఫీజు కట్టల్ల, పి.ఎఫ్. తీసేద్దామా?" అన్నాడు. ఫారం 19తో పాటు, పెన్షన్ డబ్బు తీసుకునే ఫారం 10సి కూడా నేనే నా చేతులతో నింపాను. ఆ ఏడే వాడు పెనుకొండ దగ్గర మరో కంపెనీలో చేరాడు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. 1995 నవంబరు 16న వచ్చిన ఉద్యోగుల పెన్షన్ పథకంలో కనీసం పదేళ్ళ సర్వీసు ఉంటేనే నెలనెలా పెన్షన్. ఆఖరి అయిదేళ్ళ సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. ఇరవై ఏళ్ళు నిండితే రెండేళ్ళు అదనంగా కలుపుతారు. మావాడికి 58 నిండేనాటికి రెండవ చోట 17 ఏళ్ళవుతాయి. సగటు జీతం 15,000 అనుకుంటే నెలకు సుమారు 3,643 రూపాయలు. పాత ఆరేళ్ళు ఉండి ఉంటే 23, అదనం రెండు కలిపి 25 ఏళ్ళు. అప్పుడు 5,357 రూపాయలు. నెలకు 1,714 రూపాయలు, వాడి జీవితాంతం, నా కలంతో కొట్టివేశాను. ఇతరుల సర్వీసు రిజిస్టర్లలో ఒక్క రోజు బ్రేక్ కనబడినా అభ్యంతరం రాసినవాణ్ణి!

అందుకని నాలుగు మాటలు.

ఒకటి: కంపెనీలు ఎన్ని మారినా యు.ఏ.ఎన్. ఒక్కటే ఉండాలి. ఒకేసారి రెండు చోట్ల పనిచేసినా అదే నంబరు ఇవ్వాలి. పాత నిల్వ కొత్త ఖాతాకు మారిందో లేదో పాస్‌బుక్‌లో చూసుకోవాలి. మధ్యలో ఖాళీ వస్తే, పదేళ్ళు నిండనివారు అదే ఫారం 10సితో డబ్బుకు బదులు స్కీము సర్టిఫికెట్ కోరవచ్చు. సర్వీసు నిలుస్తుంది.

రెండు: జీతంలో 12 శాతానికి మించి కూడా స్వచ్ఛందంగా పి.ఎఫ్. కట్టవచ్చు. యజమాని ఆ అదనానికి జత కట్టనవసరం లేదు. అయితే 2021 ఏప్రిల్ నుండి, ఏడాదికి ఉద్యోగి వాటా రెండున్నర లక్షలు దాటితే, దాటిన మొత్తంపై వడ్డీకి పన్ను ఉంది. రెండు కంపెనీలుంటే రెండూ కలిపి చూసుకోవాలి.

మూడు: సొంత బేరం ఆదాయానికి పి.పి.ఎఫ్. ఉంది. మనిషికి ఒకటే ఖాతా, ఏడాదికి లక్షన్నర వరకు, పదిహేనేళ్ళు. నెలలో అయిదవ తేదీలోగా కడితే ఆ నెల వడ్డీ దక్కుతుంది. 2009 మే నుండి ఎన్.పి.ఎస్. కూడా అందరికీ తెరిచారు. పన్ను మినహాయింపు మాత్రం పాత పద్ధతిలో ఒక రకం, కొత్త పద్ధతిలో ఒక రకం. తెలిసినవారిని అడిగి ఎంచుకోవాలి.

నాలుగు: మగ్గం మీద బ్రతికే తక్కువ ఆదాయంవారికి, 18 నుండి 40 ఏళ్ళ లోపు చేరేటట్లు 2019లో శ్రమయోగి మాన్‌ధన్ పథకం పెట్టారు. వారు కట్టినంత ప్రభుత్వమూ కడుతుంది. అరవై నిండితే నెలకు 3,000 రూపాయలు.

మా కోడలు ధర్మవరం చీరలు తెచ్చి అమ్ముతుంది. మొన్న "మామా, నా పేరుతో పి.పి.ఎఫ్. తెరిచినాను, ఫారం నేనే నింపుకున్నాను" అంది. ఆ మాటలోని చురక నాకు తగిలింది. సంతోషమూ కలిగింది.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను అడగండి: "పాత కంపెనీ పి.ఎఫ్. ఏం చేసినావు?" అని. తీసేస్తానంటే, ఫారం నింపే ముందు నా సంగతి చెప్పండి.