గోడ అందరిదీ, బండి మనవారిదే

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల నాణ్యత గురించి, పశుగ్రాసం గురించి ఈ తరగతుల్లో తరచు మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈ పూట నేను ప్రస్తావించదలచిన విషయం వేరు. మన కేంద్రానికి పని మీద వచ్చిన బండి మన ఆస్తినే గుద్దితే ఏం చేయాలి? దాణా బస్తాలకు వచ్చిన సభ్యుని ట్రాక్టరు అరుగును పగలగొడుతుంది. వెనక్కు తీస్తున్న లారీ రేకుల షెడ్డు స్తంభాన్ని వంచుతుంది. పాలు కొనడానికి వచ్చినవారి కారు షట్టరుకు తగులుతుంది. ఇవి ఏ ఊళ్ళోనైనా జరిగేవే.

జరిగిన తరువాత మనవాళ్ళు సాధారణంగా రెండు దారులు తొక్కుతారు. ఒకటి, “పోనీలెండి, మనవాడే కదా” అని వదిలివేయడం. రెండవది, నలుగురిలో నిలబెట్టి తిట్టి, అతని పాల బిల్లులో కోత వేయడం. రెండూ సరికాదు.

వదిలివేయడం ఎందుకు సరికాదంటే, ఆ గోడ అధ్యక్షునిదీ కాదు, కార్యదర్శిదీ కాదు. పూటకు రెండు లీటర్లు పోసే ముసలమ్మకు కూడా అందులో భాగం ఉంది. మన సొంత సొమ్ము మనం మాఫీ చేయవచ్చు. పదిమంది సొమ్మును ఒకరు నోటిమాటగా మాఫీ చేయడానికి వీలులేదు. ఈ రోజు చుట్టానికి వదిలినవారు రేపు చుట్టం కానివానిని ఏ నోటితో అడుగుతారు?

ఇక కోత సంగతి. పాల బిల్లు మీదనే ఆ ఇంటి పిల్లల ఫీజులు, దాణా బాకీలు గడుస్తున్నాయి. సభ్యుడు వ్రాసి సంతకం చేసి ఒప్పుకొంటే తప్ప నష్టం పేరిట అతని బిల్లులో ఒక్క రూపాయి పట్టుకోకండి. అతని పాలు పోయించుకోవడం మానకండి. గోడను మేస్త్రీ రెండు రోజుల్లో కడతాడు. అలిగి వెళ్ళిన సభ్యుణ్ణి తిరిగి తీసుకురావడానికి ఏళ్ళు పడుతుంది.

కాబట్టి మూడవ దారి ఒకటి ఉంది. అదే వరుసగా చెబుతాను.

మొదట మనుషులను చూడండి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రికి పంపించండి. పాలు చల్లబరిచే యంత్రానికి గాని, కరెంటు తీగకు గాని బండి తగిలితే వెంటనే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ముట్టుకోకండి. తరువాత పాల సంగతి. యంత్రం ఆగితే పాలను 4 డిగ్రీలలో ఉంచలేం. ఆలస్యం చేయకుండా క్యాన్లకు ఎత్తి దగ్గరి కేంద్రానికి పంపించండి. నేలపాలైన పాలుంటే ఎన్ని లీటర్లో, వెన్న శాతం ఎంతో ఆ పూటే వ్రాసిపెట్టండి.

ఆ తరువాత కాగితం. బండి కదలకముందే అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి. తేదీ, వేళ, బండి నంబరు, డ్రైవరు పేరు, యజమాని పేరు, ఇన్సూరెన్సు పాలసీ నంబరు వ్రాయండి. చూసిన ఇద్దరిచేత సంతకాలు చేయించండి. డ్రైవరు చెప్పిన మాట కూడా అతని మాటల్లోనే వ్రాయండి. బండి వెళ్ళిపోయినా నంబరు ఉంటే చాలు. పోలీసు స్టేషనులో గాని, రవాణా కార్యాలయంలో గాని దరఖాస్తు ఇచ్చి యజమాని, ఇన్సూరెన్సు వివరాలు అడిగే హక్కు 1988 మోటారు వాహనాల చట్టం నష్టపోయినవారికి ఇచ్చింది.

లెక్క న్యాయంగా ఉండాలి. ఇద్దరు మేస్త్రీల చేత విడివిడిగా అంచనా వేయించండి. విరిగిన రేకు ఖరీదు అడగండి, అంతకుముందే చిల్లుపడిన రేకు ఖరీదు కలపకండి. ఇదే అదనుగా కొత్త షెడ్డు వేయించుకుందామని చూస్తే మన మాటకు విలువ పోతుంది.

నష్టం చిన్నదైతే యజమానితో కూర్చుని తేల్చుకోవడమే మేలు. అతనే మేస్త్రీని పెట్టి బాగుచేయించవచ్చు, వాయిదాల్లో కట్టవచ్చు. ఏది ఒప్పుకున్నా పాలకవర్గం తీర్మానం వ్రాయాలి, సొమ్ముకు రసీదు ఇవ్వాలి. పాలకవర్గంలో అతని దగ్గరి చుట్టం ఉంటే ఆ చర్చకు దూరంగా ఉండటం మర్యాద.

నష్టం పెద్దదైతే పోలీసులకు వ్రాతపూర్వకంగా తెలియజేయండి. యజమానిని తన ఇన్సూరెన్సు కంపెనీకి వెంటనే తెలపమనండి. మోటారు బండికి తప్పనిసరిగా ఉండవలసిన ఇన్సూరెన్సు ఇతరుల ఆస్తికి జరిగిన నష్టానికి కూడా వర్తిస్తుంది. అయితే ఎంతవరకు అన్నది పాలసీలో చూడాలి. లారీలు, కార్ల పాలసీల్లో సాధారణంగా 7.5 లక్షల రూపాయల వరకు ఉంటుంది, కొన్నిటిలో 6,000 రూపాయలకే పరిమితం చేసి ఉంటుంది. “క్లెయిము పెడితే నా బోనసు పోతుంది” అని యజమాని భయపడవచ్చు. ఆ బోనసు తన బండి మరమ్మతు క్లెయిములకు సంబంధించినది, ఇతరుల నష్టం క్లెయిము వల్ల పోదని చెప్పండి. రాజీ కుదరకపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకు వెళ్ళవచ్చు. 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల లోపు దరఖాస్తు చేయాలి. మాటల్లో కాలం గడిపితే నష్టపోయేది మనమే.

పాల వ్యానులో ఉన్న పాలు ఒలికితే ఈ పద్ధతి వర్తించదు. బండిలో మోస్తున్న సరుకు వేరు, బండి గుద్దిన గోడ వేరు. అందుకు రవాణా ఒప్పందంలోనే షరతు ఉండాలి. ఇంటికి వెళ్ళగానే మీ ఒప్పందం తీసి చదవండి.

సంఘం తన భవనానికి, యంత్రాలకు సొంతంగా పాలసీ తీసుకుంటే ఇంకా మంచిది. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో వాహనం గుద్దిన నష్టం కూడా చేరి ఉంది. ఆ పాలసీ ఉన్నప్పుడు మీ కంపెనీని అడగకుండా బండి యజమానికి “మాకేమీ రావలసినది లేదు” అని వ్రాసి ఇవ్వకండి. ఒకే నష్టానికి రెండుచోట్లా సొమ్ము తీసుకోవడం కూడా కుదరదు.

చివరగా, జరగకుండా చూసుకోవడం అన్నిటికన్నా చౌక. అరుగు మూలల్లో కాంక్రీటు నింపిన ఇనుప గొట్టాలు పాతించండి, వాటికి సున్నం వేయించండి. షెడ్డు ఎత్తు ఎంతో పెద్ద అక్షరాలతో వ్రాయించండి. పాలు పోసే వేళ దాణా లారీని లోపలికి రానివ్వకండి. బండి వెనక్కు తీసేటప్పుడు ఒక మనిషి కిందికి దిగి దారి చూపాలన్న నియమం పెట్టండి.

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయంపై ఒక తీర్మానం చేసుకోండి. ప్రమాదం జరగకముందు చేసిన నియమం ఎవరినీ ఉద్దేశించినది కాదు కనుక అందరూ ఒప్పుకుంటారు. జరిగిన తరువాత చేస్తే అది ఒక మనిషి మీద చేసినట్లే ఉంటుంది.