దత్తుపోయిన తోబుట్టువులు

మొన్న మా కేంద్రమునకు దివిసీమనుండి ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసిన యామె 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తల్లిదండ్రుల నిద్దరిని పోగొట్టుకొన్నది. చంకలోని తమ్ముని ఎవరో పెంచుకొందుమని తీసికొనిపోయిరట. గుడివాడ వైపువారని మాత్రము విన్నదట. "వాని ఆస్తి నాకు వద్దు. ఉన్నాడో లేడో తెలిసిన చాలును. చట్టములో దారి యున్నదా?" అని అడిగినది.

ప్రభుత్వపు లెక్కకే పదివేలమంది వరకు పోయిన విపత్తు అది. బ్రతికిన పసివారు ఎవరి యిండ్లకు చేరిరో ఎవరు వ్రాసిపెట్టుకొందురు?

1956 నాటి హిందూ దత్తత చట్టము ప్రకారము దత్తత జరిగిన నాటినుండి బిడ్డకు పుట్టినింటితో బంధము తెగును. తెగని ముడి యొకటి కలదు: పుట్టినింట నెవరిని వివాహమాడరాదో, దత్తుపోయిన పిమ్మటను వారిని వివాహమాడరాదు. దత్తహోమముల నాటి ధర్మశాస్త్రమును ఇంతే చెప్పినది. ఇంటిపేరు, గోత్రము మారిపోయిన తరువాత తోబుట్టువెవరో తెలియకున్న ఈ నిషేధమును పాటించుట యెట్లో చట్టము చెప్పలేదు.

దత్తత పత్రమును రిజిస్టరు చేయవలెనను నిర్బంధము లేదు. చేసియున్నచో అది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు నాలుగవ పుస్తకములో నుండును. పొలము దస్తావేజువలె దానిని అందరును చూడరాదు. వ్రాసినవారికి, దానిక్రింద హక్కు చెప్పుకొనువారికి, వారి ప్రతినిధులకు మాత్రమే నకలు లభించును. అనగా తమ్ముడు అడుగవచ్చును, అక్క అడుగజాలదు.

ఇక్కడ మా కొక సంగతి తోచినది. తల్లిదండ్రు లిద్దరును లేని బిడ్డను సంరక్షకుడు దత్తత నీయవలెనన్న ముందుగా న్యాయస్థానపు అనుమతి పొందవలెనని అదే చట్టపు 9వ సెక్షను చెప్పుచున్నది. దివిసీమ బిడ్డకు ఆ న్యాయస్థానము బందరులోని జిల్లా కోర్టే. అనుమతి పొందియున్నచో అక్కడ కాగితముండవలెను. ఇన్నేండ్లకు మిగిలియుండవలెను గదా, అది వేరు మాట. అనుమతియే లేకున్న? అప్పుడది చట్టము మెచ్చు దత్తత కాదు, ఉత్త పెంపకము. ఆ బాలుడు చట్టము దృష్టిలో నేటికిని ఆమె తమ్ముడే. ఉత్తరము వ్రాసిన యామెకు ఈ మాట ఎవరును చెప్పియుండరు.

సంస్థల ద్వారా జరిగిన దత్తతల దారి వేరు. 2022 సెప్టెంబరునుండి ఆ ఉత్తరువులను జిల్లా కలెక్టరే ఇచ్చుచున్నారు. కృష్ణా జిల్లావారికి అదియు బందరే. 2022 దత్తత నిబంధనల ప్రకారము పదునెనిమిదేండ్లు నిండిన దత్తులు తమ మూలములను తెలిసికొనుటకు ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ కారాకు స్వయముగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అంతకు చిన్నవారు పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టుకొనవలెను. కన్నవారు తమ వివరములు గోప్యముగా నుంచుమని కోరియున్నచో వారి సమ్మతి కావలెను. మూడవవారికి మాత్రము ప్రవేశము లేదు. ఇంట మిగిలిన అన్న, అక్క ఆ మూడవవారి లెక్కలోనికే వత్తురు. కన్నతల్లి మరుగును కాపాడుట న్యాయమే. కాని ఒకే యొడిలో పెరిగినవారిని బయటివారితో జమకట్టుట మాకు సబబుగా తోచదు. అట్టివారు తమ పేరు, చిరునామా, పిల్లవాని ఆనవాళ్లు వ్రాసి, ఫైలులో నుంచుడని ఆ సంస్థకును, జిల్లా బాలల సంరక్షణ విభాగమునకును ఇచ్చుట మంచిది. ఏనాడైన అవతలివారు అడుగవచ్చినచో ఈ ఉత్తరము వారి కంటబడవచ్చును.

ఆమెకు మేమిట్లు వ్రాసితిమి: అమ్మా, ముందు బందరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లుడు. 1987 చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. 1977 తరువాతి సంరక్షక, దత్తత అనుమతి కాగితములను వెదకింపుమని అడుగుడు. మీరు ఆనాటి కక్షిదారులు కారు గనుక కారణము చూపి కోర్టు ఉత్తరువు పొందవలసియుండును. తమ్ముని పేరు, మీ తండ్రిగారి పేరు, ఊరు ఒక కాగితముమీద వ్రాసి వెంట తీసికొనిపొండు.