ఆశ్రమ పాఠశాలల్లో వేడినీళ్ళు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను విద్యుత్ పొదుపు గురించి మాట్లాడమన్నారు. ఇళ్ళలోని బల్బులు, ఫ్యాన్ల సంగతి మీకందరికీ తెలిసిందే. నేను హాస్టలు పిల్లల స్నానాల నీళ్ళ గురించి చెబుతాను.

చింతపల్లి, లంబసింగి ప్రాంతంలో (2022 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా) డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. ఆ చలిలో ఆశ్రమ పాఠశాల పిల్లలు స్నానం చేసి తరగతికి పోవాలి. చన్నీళ్ళయితే చిన్నవాళ్ళు ఎగ్గొడతారు. మనమైనా అంతే కదా!

గుమాస్తాని గనుక లెక్క చెప్పకుండా ఉండలేను. 200 మంది పిల్లలకు తలా 10 లీటర్లు. 15 డిగ్రీల నీటిని 40కి తేవాలి. మొత్తం 50,000 కిలో కేలరీలు. కరెంటు యూనిటుకు 860 చొప్పున గీజరుకు రోజుకు 58 యూనిట్లు; నూరు చలిరోజులకు 5,800. అదే గాడిపొయ్యి మీద కాగు పెట్టి కాస్తే కట్టె వేడిలో ఏ పదోవంతో నీళ్ళకు చేరుతుంది. రోజుకు ఇంచుమించు 125 కిలోల కట్టెలు కావాలి. పొగంతా వంటమనిషి కళ్ళలోకి.

సోలార్ హీటరుకు ఈ ఖర్చు లేదు. 60 డిగ్రీల నీళ్ళు 1,100 లీటర్లుంటే చన్నీళ్ళు కలుపుకొని అందరికీ సరిపోతాయి. అయితే ఒక్క సంగతి మరువరాదు. తెల్లవారి పోసుకునే నీళ్ళు ముందురోజు ఎండకు కాగినవి. రాత్రంతా ఆ వేడి నిలవాలి. పైపుల మీది తొడుగు చిరిగినా, కుళాయి కారినా, గాజు గొట్టం దగ్గర రబ్బరు వాషరు పాడైనా ఉదయానికి నీళ్ళు చల్లబడతాయి. వెంటనే "హీటరు పనిచేయుట లేదు" అని రిజిస్టరులో రాస్తారు. పగిలింది ఒక్క గొట్టమే అయితే దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. సున్నం పేరుకుంటే తెలిసిన మెకానిక్కు కడిగి ఇస్తాడు.

మరి ఎందుకు బాగుచేయరు? మన ఆఫీసుల్లో పనిచేసినవారికి వేరే చెప్పాలా? కొత్తది కొనడానికి గ్రాంటు వస్తుంది. నాలుగు వాషర్లు కొనడానికి ఏ పద్దు కింద రాయాలో తేలదు. ఫైలు మూడు బల్లలు తిరిగేసరికి వేసవి సెలవులు. పాత హీటరు కండెమ్ జాబితాకెక్కుతుంది, మళ్ళీ కట్టెల టెండరు పిలుస్తారు.

కొన్ననాడే అయిదేళ్ళ నిర్వహణ షరతు ఆర్డరులో రాయించాలి. గ్యారంటీ తేదీ స్టాకు రిజిస్టరులో ఎర్రసిరాతో వేయాలి. ఇవి మనకు చేతనైన పనులు. మన శాఖలో స్టోర్సు చూసినవారు, ఇంజనీరింగు విభాగంలో చేసినవారు చాలామంది ఉన్నారు. ఇద్దరిద్దరుగా వెళ్ళి, వార్డెనుగారి అనుమతితో, ఏ హీటరుకు ఏం కావాలో రాసుకొస్తే దరఖాస్తు నేను తయారుచేస్తాను. సెప్టెంబరులోనే వెళ్ళాలి. చలి మొదలయ్యాక వెళితే ఆ ఏడు కూడా పోయినట్టే. పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. సెలవు.