కూలరు తొట్టిలో నిలువ నీళ్ళు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ బడి పంతుల్ని, డాక్టర్ని కాను. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. మా ఇంట్లో జరిగిన సంగతే నన్నిక్కడ నిలబెట్టింది.

కిందటి ఎండాకాలం మా అమ్మకు దగ్గు పట్టుకుంది. రాత్రి కూలరు ముందు పడుకుంటే ఎక్కువ, పగలు వేపచెట్టు కింద కూర్చుంటే తక్కువ. మేం మందులు మార్చాం గానీ ఆలోచించలేదు. చివరికి డాక్టరుగారు "కూలరు ఎప్పుడు కడిగారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి తలుపు ఊడదీస్తే అడుగున జిగురు పాచి, గడ్డి నల్లబడి ఉంది. వానలు పడ్డాక నీళ్ళు పారబోయకుండా మూలకు నెట్టి, మార్చిలో నాలుగు బిందెలు పోసి స్విచ్చి వేసింది నేనే.

1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మాజీ సైనికులు ఒక పెద్ద హోటల్లో సమావేశమయ్యారు. వారిలో 180 మందికి పైగా జబ్బు పడితే 29 మంది చనిపోయారు. 1977 జనవరిలో కారణం దొరికింది: లీజియోనెల్లా అనే బాక్టీరియా. హోటలు చల్లదనపు యంత్రాల నీటిలో పెరిగి, తుంపరల వెంట ఊపిరితిత్తుల్లోకి పోయిందని భావిస్తారు. 25 నుంచి 45 డిగ్రీల వేడి దానికి బాగా పడుతుంది. ఎండాకాలం ఆపి ఉంచిన మన తొట్టి నీళ్ళ వేడి అంతే కదా!

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇంటి కూలరు ఆ పెద్ద యంత్రాలంత ప్రమాదం కాదు. ఇంటి ఏసీ నీళ్ళతో చల్లబరచదు కాబట్టి ఈ బాక్టీరియా భయం దానికి లేదు, జాలీ మాత్రం కడగాలి. చలికాలం గీజరు నీళ్ళను గోరువెచ్చగా నిలువ ఉంచకుండా 60 డిగ్రీల దాకా కాగనిచ్చి, చన్నీళ్ళు కలుపుకొని పోసుకోవాలి. ముసలివాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు, బీడీ తాగేవాళ్ళు ఉన్న ఇళ్ళలో ఇంకా జాగ్రత్త అవసరం.

ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు, తడిచేత్తో కూలరు ముట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. వారానికోసారి, జుమ్మా ఉదయం అనుకోండి, తొట్టి ఖాళీ చేసి గోడలు బ్రష్షుతో గట్టిగా రుద్దండి. నీళ్ళు మార్చినంత మాత్రాన లాభం లేదు. డెంగీ దోమ గుడ్లు గోడకే అతుక్కుంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. బకెట్టు నీళ్ళలో చెంచాడు బ్లీచింగ్ పౌడరు కలిపి తుడిచి, మంచినీళ్ళతో కడిగేయండి. బ్లీచింగులో యాసిడ్ మాత్రం కలపవద్దు, విషవాయువు వస్తుంది. సీజను అయ్యాక పూర్తిగా ఎండబెట్టి దాచండి. గడ్డి ఏటా మార్చాలి. సున్నపు నీళ్ళతో తెల్లగా గట్టిపడిన గడ్డిని ఎంత కడిగినా దండగే.

ఈ ఏడు కొత్త గడ్డి వేయించాను. అయినా అమ్మకు నా మీద నమ్మకం కుదరలేదు. కూలరు పెట్టబోతే "కడిగినవా బేటా?" అని అడిగిగానీ మంచమెక్కదు.