మారుచున్న వాతావరణము - కంపెనీల పెట్టుబడి - పంచాయతీల హక్కు

(పరకాలలో పంచాయతీ సభ్యుల సమావేశమున ఇచ్చిన ప్రసంగ పాఠము)



నేడు మేము చెప్పబోవు సంగతికి వాతావరణ న్యాయమనియు, నిలకడగల పెట్టుబడి యనియు పేర్లు. ఆ పేర్లు వినగానే ఇది పట్టణములలోని న్యాయవాదులకు, బ్యాంకు అధికారులకు చెందిన వ్యవహారమని మీకు తోచవచ్చును. కాని ఈ సంగతి పరకాల నుండి భూపాలపల్లి పోవు దారిలోనే మనకు ఎదురైనది. 2023 జూలై 27వ తేదీన మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచివేసినది. జనులు మిద్దెలపైకి, చెట్లపైకి ఎక్కి ప్రాణములు నిలుపుకొనిరి. హెలికాప్టర్లును, పడవలును వచ్చి వారిని గట్టు చేర్చవలసివచ్చెను. కొందరు కొట్టుకొనిపోయిరి, పశువులకు లెక్కయే లేదు. ఆ ఒక్క దినమున పొరుగుననున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. అంతకు ముందు 2013 జూలైలో వాజేడులో కురిసిన 517.5 మిల్లీమీటర్లే తెలంగాణమునకెల్ల పెద్ద లెక్కగా నుండెను.

ఏదో ఒక వానను చూపి, ఇది ఫలానావారి పొగవలన వచ్చినదని చెప్పుట శాస్త్రసమ్మతము కాదు. అయినను ఒక్క మాట రూఢి. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు 7 పాళ్లు ఎక్కువ తేమను పట్టగలదు. పట్టినదానిని ఒక్కసారిగా కుమ్మరింపగలదు. గాలి వేడెక్కుటకు ముఖ్యకారణము బొగ్గును, చమురును తరతరములుగా కాల్చుట. అట్లు కాల్చి బాగుపడినవారిలో ధనిక దేశములును, పెద్ద పరిశ్రమలును ముందున్నవి. నష్టము మాత్రము వాగు ఒడ్డున నున్న రైతు నెత్తిన పడుచున్నది. చేల్పూరులో బొగ్గుతో తీసిన కరెంటు మన బావుల మోటార్లకును వచ్చుచున్నది గదా యని మీలో ఎవరైన అనవచ్చును. నిజమే. కాని ఐదు గుర్రాల మోటారు గల రైతునకును, తరతరములుగా బొగ్గు కాల్చిన దేశములకును ఒకే బాధ్యత అంటగట్టుట ధర్మము కాదు. ఎవరి వంతు వారు భరింపవలెననుటయే వాతావరణ న్యాయము.

దీనికి చట్టమున్నదా? వాతావరణ మార్పును గూర్చి ప్రత్యేకముగా చేసిన సమగ్ర చట్టము మన దేశమున లేదు. ఈ మాట సుప్రీం కోర్టే 2024 మార్చి 21వ తేదీ తీర్పులో చెప్పినది. అయినను చట్టము లేదని హక్కు లేకపోలేదనియు, రాజ్యాంగములోని 14, 21 అధికరణములు ఇచ్చు సమానత్వములో, జీవించు హక్కులో వాతావరణ మార్పు దుష్ఫలితముల నుండి రక్షణ పొందు హక్కు ఇమిడియున్నదనియు ఆ తీర్పు పలికినది. ఆ వ్యాజ్యము మొదలైనది బట్టమేక పిట్టను గూర్చి. కర్నూలు సీమలోని రోళ్లపాడున ఒకప్పుడు తిరుగాడిన పెద్ద పిట్టయే అది. రాజస్థాన్, గుజరాత్‌లలో సౌర విద్యుత్తు తీగలకు తగిలి అది చచ్చుచున్నదని కోర్టుకు పోగా, పిట్టయు కావలెను, పొగలేని కరెంటును కావలెనను చిక్కు వచ్చినది. ఆ చిక్కు విప్పుటలో ఈ హక్కు బయటపడినది. అదే వ్యాజ్యమున 2025 డిసెంబరులో కోర్టు మరియొక మాట చెప్పినది: కంపెనీల సామాజిక బాధ్యతలో పర్యావరణ బాధ్యత అంతర్భాగమే యని.

విదేశములలోను ఇట్టి వ్యాజ్యములు నడచుచున్నవి. పెరూ దేశపు కొండరైతు ఒకడు, మంచు కరిగి నిండుచున్న చెరువు తెగి తన ఇంటిని ముంచునని, జర్మనీలోని ఆర్.డబ్ల్యు.ఇ. అను విద్యుత్ కంపెనీపై 2015లో దావా వేసెను. పదేండ్లు నడచి, 2025 మేలో అది కొట్టివేయబడినది. అతని ఇంటికి ప్రమాదము చాల స్వల్పమని కోర్టు తలచినది. కాని దూరదేశపు కంపెనీ తన పొగవలన కలుగు హానికి బాధ్యురాలు కావచ్చునని సూత్రముగా ఒప్పుకొన్నది. రైతు ఓడిపోయెను, దారి మాత్రము పడినది.

ఇక డబ్బు సంగతి. 2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము నిర్ణీత పరిమితిని మించిన కంపెనీ, వెనుకటి మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 పాళ్లు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. తాను పనిచేయు చుట్టుపట్ల ప్రాంతమునకు ప్రాధాన్యమియ్యవలెనని కూడ ఆ సెక్షనులోనే కలదు. ఈ రెండవ మాట గ్రామములకు చేరలేదు. కేంద్ర ప్రభుత్వము 2023 జనవరి, ఫిబ్రవరి నెలలలో 16,000 కోట్ల రూపాయల హరిత బాండ్లు అమ్మినది. అదే సంవత్సరము జూన్ 1 నుండి బ్యాంకులు సేకరించు హరిత డిపాజిట్లకు రిజర్వు బ్యాంకు నియమములు పెట్టినది. ఆ పేరుతో తీసికొన్న సొమ్ము దేనికి వెచ్చించిరో బ్యాంకు బయట పెట్టవలెను.

మనకు మిక్కిలి పనికివచ్చునది వేరొకటి కలదు. షేరు మార్కెటులో పెద్దవైన వేయి కంపెనీలు 2022-23 నుండి సెబీ యాజ్ఞ ప్రకారము ఏటేట బాధ్యతా నివేదిక ప్రకటించుచున్నవి. ఎంత నీరు వాడినది, ఎంత మురుగు వదలినది, ఎంత పొగ విడిచినది అందులో వ్రాయవలెను. చుట్టుపట్ల ప్రజలనుండి ఫిర్యాదులెన్ని వచ్చినవి, ఎన్ని తీరినవి యను గడియు కలదు. పంచాయతీ కాగితముపై వ్రాసి, రసీదు పుచ్చుకొన్న ఫిర్యాదు ఆ గడిలో చేరవలెను. రచ్చకట్టమీద తిట్టిన తిట్టు చేరదు. పెట్టుబడి పెట్టువారు, విదేశములలో బట్ట కొనువారు ఆ నివేదిక చదివెదరు.

గీసుకొండ, సంగెం మండలముల సరిహద్దున, 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా జౌళి పార్కు మన పరకాల నియోజకవర్గములోనిదే. అచట కైటెక్స్, యంగ్‌వన్ వంటివి వచ్చినవి. వాడి పారవేసిన ప్లాస్టిక్ సీసాలతో నూలు దారము చేయు గణేశా ఎకోపెట్ వచ్చినది. మన పత్తికి, మన పిల్లల ఉద్యోగములకు ఇది మేలు. మేము దీనిని కాదనము. అయితే బట్టల పరిశ్రమ యనగా నీరు, రంగు, మురుగు. ఏ కంపెనీ ఆ వేయింటిలో కలదో, ఏది లేదో ముందు విచారింపుడు. 2006 పర్యావరణ ప్రకటన క్రింద ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలసిన పరిశ్రమకు 30 దినముల ముందు నోటీసు రావలెను. పారిశ్రామిక వాడలలోని కొన్నిటికి మినహాయింపు కలదు గనుక, కలెక్టరు కార్యాలయమున అడిగి తెలిసికొనుట మంచిది.

చెట్ల ఒప్పందములను గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. చెట్టు పీల్చుకొన్న బొగ్గుపులుసు వాయువునకు లెక్కకట్టి, ఆ లెక్కను కార్బన్ క్రెడిట్ అను పేర అమ్ముదురు. విశాఖ మన్యములోని అరకులో నాంది సంస్థ గిరిజన రైతులచే లక్షలాది మొక్కలు నాటించినది. దానికి డానోన్ మొదలగు ఐరోపా కంపెనీలు చేరిన నిధి పెట్టుబడి పెట్టినది. మొక్కలు, కాయలు రైతువి, క్రెడిట్లు పెట్టుబడిదారులవి. స్పష్టముగా చెప్పి చేసిన బేరము బేరమే. కాని అట్టి కాగితము మీ ఊరికి వచ్చిననాడు నాలుగు సంగతులు అడుగవలెను. ఎన్ని ఏండ్లు? క్రెడిట్ అమ్మిన ధరలో రైతు వాటా ఎంత? నడుమ పొలము అమ్ముకొన్నచో ఏమగును? చెట్లు కూలినచో నష్టమెవరిది? చివరి ప్రశ్న ఊరక అడుగునది కాదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో కొద్దిసేపటి పెనుగాలికి వేలకొలది మహావృక్షములు నేలకూలినవి. కాగితము ఇంగ్లీషులో నున్నచో తెలుగులో వ్రాయించి గ్రామసభలో చదివింపుడు. అంతవరకు ఊరి ఉమ్మడి భూమిపై ఎవరును సంతకము చేయరాదు.

చట్టమును ఉల్లంఘించి ఎవరైన నీరు, గాలి చెరచినచో 2010 చట్టముతో నేర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్ కలదు. మన ప్రాంతమునకు చెన్నై బెంచి. సాధారణ వివాదమునకు 6 మాసముల లోపలను, నష్టపరిహారమునకు 5 సంవత్సరముల లోపలను దరఖాస్తు చేయవలెను. వానమీద ట్రిబ్యునలుకు పోలేము గాని, వాగులోనికి మురుగు వదలినవానిమీద పోగలము. గడువు దాటి వచ్చిన న్యాయమైన ఫిర్యాదు కూడ త్రిప్పి పంపబడును. కావున పంచాయతీ కార్యదర్శి వద్ద ఒక పుస్తకము తెరువుడు. ఏ తేదీన నీటి రంగు మారినది, ఏ బావి చెడినది, ఎన్ని పశువులు చచ్చినవి, ఎవరు చూచిరి అన్నియు అందులో వ్రాసి, ఆనాడే సంతకములు చేయించి, ఫోటో తీసి యుంచుడు.

మీలో కొందరు ప్రశ్నలు వ్రాసి తెచ్చినారని వింటిమి. ఇక వాటిని అందుకొందుము.