కడుపులో మిగిలిన గుడ్డ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము నిలిచియుండుటకు కారణమేమని అడిగినచో, నేను ఆ బల్లమీది చిట్టా పుస్తకమును చూపుదును. వెళ్లిన పుస్తకములెన్ని, తిరిగి వచ్చినవెన్ని అని లెక్క చూచుకొనుటచేతనే బీరువాలు నిండియున్నవి. ఈ ఊరి ఆడపడుచునైన నేను ఆపరేషను గదిలో నర్సుగా పనిచేసితిని. అచ్చటను మా పని లెక్కయే. ఆ లెక్క తప్పినచో పోవునది పుస్తకము కాదు, ప్రాణము.

2023 ఏప్రిల్ మాసమున మన ప్రాంతపు వార్త యొకటి పత్రికలలో వచ్చినది. జగిత్యాలలో కాన్పు ఆపరేషను జరిగిన ఒక స్త్రీ కడుపులో గుడ్డ మిగిలిపోయినదని సుమారు 16 మాసములకు వేములవాడలో బయటపడినది. మరల ఆపరేషను చేసి దానిని తీసినారు.

ఇది మన యొక్కచోటనే జరుగునది కాదు. అమెరికా వైద్యులు 2003లో ప్రకటించిన పరిశోధనలో, 54 మంది రోగుల దేహములందు మిగిలిన 61 వస్తువులను పరిశీలించినారు. వానిలో మూడింట రెండు వంతులకు పైగా గుడ్డలే. లెక్క చూచిన సందర్భములలో అత్యధికమునందు “సరిపోయినది” అనియే వ్రాయబడియున్నది! రక్తముతో తడిసిన గుడ్డ చుట్టుపట్ల మాంసపు రంగులో కలిసిపోవును. అత్యవసర సమయమున తొందర యెక్కువ. కనుక ఒక్కరి కంటిని నమ్మరాదు.

అందుచేత కోతకు ముందు గుడ్డలను, సూదులను, పనిముట్లను ఇద్దరు పైకి చదువుచు లెక్కించి పలకమీద వ్రాయుదురు. కడుపు మూయుటకు ముందు మరల లెక్కింతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన 19 అంశముల పట్టికలోను, రోగి గది విడువకముందే నర్సు ఈ లెక్కను పైకి చెప్పవలెనని యున్నది.

సిరిసిల్ల నేతపనివారు వినదగిన సంగతి యొకటి. ఈ గుడ్డలలో బేరియం సల్ఫేటు కలిపిన పోగు నొకదానిని చేర్చుదురు. ఎక్స్‌రే కిరణములు దానిని దాటజాలవు. లెక్క తగ్గినప్పుడు ఎక్స్‌రే తీసినచో ఆ పోగు గీతవలె కనబడును. ఇటీవల ప్రతి గుడ్డకును వేరు బార్‌కోడ్ వేయు పద్ధతి వచ్చినది. ఒకే గుడ్డను రెండుమార్లు లెక్కించుటకు వీలులేదు. గుడ్డలో చిన్న చిప్పును కుట్టి, రోగిపై ఒక పరికరమును త్రిప్పినచో రేడియో తరంగములచే దాని జాడ తెలియు ఏర్పాటును గలదు. ఇవి ఖర్చుతో కూడినవి. అన్ని ఆసుపత్రులకును అందలేదు.

ఒక రాత్రి మాకు ఒక గుడ్డ తగ్గినది. “సిస్టర్, మీరే లెక్క తప్పినారు, కుట్టెదను” అని డాక్టరుగారనిరి. నా చేతులు వణికినవి. “ఒక్కసారి చూడుడు సార్” అని బ్రతిమాలితిని. గుడ్డ ప్రేగుల మాటున దొరికినది. ఆయన యేమియు అనలేదు. మరునాటినుండి మాత్రము, “లెక్క యెంత సిస్టర్?” అని తానే ముందుగా అడుగుచుండెడివారు.

ఏ యంత్రము వచ్చినను, “ఆగుడు” అని చెప్పు నోరును, ఆ మాట వినెడి చెవియు మనుష్యులవే. మీ యింటివారికి ఆపరేషనైనప్పుడు, “అమ్మా, లెక్క సరిపోయినదా?” అని మర్యాదగా అడుగుడు. చిట్టా చూచుట నేర్చిన ఊరికి ఆ ప్రశ్న కొత్తది కాదు.